ఆ శబ్దం అక్కడ ఎందుకు పెట్టారు?

(విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ‘ఎన్నియో’ డాక్యుమెంటరీ ప్రదర్శన తర్వాత చేసిన ప్రసంగం. మాట తీరు మార్చలేదు. చెప్పిందే మళ్లీ చెప్పిన చోట్ల మాత్రం కొంత తగ్గించాం.)

అందరికీ నమస్కారం. టీ తాగి వచ్చి కూర్చున్నవాళ్లకి ఇప్పుడే నమస్కారం, ఇంకా మెట్ల దగ్గరే ఉన్నవాళ్లకి వచ్చాక చెప్తాను. రెండు గంటల ముప్పై ఆరు నిమిషాల సినిమా చూసి, ఆ పైన ఇంకొకడి ఉపన్యాసం కూడా వింటామని కూర్చున్నారంటే మీ ఓపికకి దండం పెట్టాలి.

నిర్వాహకులు నన్ను పిలిచి, ఇటలీ సినిమా సంగీత దర్శకుడు ఎన్నియో మొరికోనే గొప్పతనం గురించి మాట్లాడమన్నారు. గొప్పతనం గురించి మాట్లాడను. ఆ పని సినిమాలోనే చాలామంది చేశారు, కొంచెం ఎక్కువే చేశారు. దాని సంగతి తర్వాత చెప్తాను. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి, సినిమాలు చూసే అలవాటున్నవాణ్ణి. కాబట్టి రాగాలూ స్వరాలూ అంటూ మిమ్మల్ని భయపెట్టలేను. నన్ను చాలాకాలంగా ఒక ప్రశ్న పట్టుకుంది. సంగీత దర్శకుడి మీద డాక్యుమెంటరీ తీస్తే కెమెరా దేన్ని చూపించాలి?

చిత్రకారుడైతే కుంచె కదులుతుంది. నర్తకి అయితే ఒళ్లంతా కదులుతుంది. బాణీ కట్టేవాడి దగ్గర కదిలేదేముంది? మనవాళ్లయితే హార్మోనియం ముందేసుకుని కూర్చుంటారు, సిట్టింగ్‌లో దర్శకుడు తల ఊపుతుంటాడు, కనీసం అదైనా ఫొటోకి పనికొస్తుంది. మొరికోనే దగ్గర ఆ ఆశ కూడా లేదు. ఆయన పియానో ముట్టుకోకుండా రాస్తాడు. బల్ల, కాగితం, పెన్సిలు, అంతే. మన ఇళయరాజా గారూ అంతేనని మీకు తెలుసు. వాయిద్యం అవసరం లేకుండా నోట్స్ నేరుగా కాగితం మీద పెట్టేస్తారు. వినేవాళ్లకి అది అద్భుతం. కెమెరామన్‌కి మాత్రం నరకం. ఒక పెద్దమనిషి రాసుకుంటున్నాడు, దాన్ని ఎంతసేపని చూపిస్తాడు?

ఈ సినిమా తీసిన జుసెప్పే టొర్నటోరే సామాన్యుడు కాదు. 1988లో ‘సినిమా పారడీసో’ దగ్గర మొదలుపెట్టి, పాతికేళ్లకు పైగా మొరికోనేతో కలిసి పనిచేసిన దర్శకుడు. బయటివాడికి తెరుచుకోని తలుపులు ఆయనకి తెరుచుకున్నాయి. ఆ చనువు వల్ల సినిమాకి మేలూ జరిగింది, కీడూ జరిగింది.

ముందు మేలు చూద్దాం. తాళం లెక్కపెట్టే యంత్రం, మెట్రోనోమ్, టిక్కుటిక్కుమని కొట్టుకుంటుంటే సినిమా మొదలవుతుంది. ఒక ముసలాయన నేల మీద పడుకుని కాళ్లూ చేతులూ ఆడిస్తూ వ్యాయామం చేస్తుంటాడు. హీరో ఎంట్రీ అలా ఉంది! ఆ తర్వాత కాగితాలు, పుస్తకాలు పేరుకుపోయిన తన గదిలో కూర్చుని మాట్లాడతాడు. ఏ పాట గురించి అడిగినా ఆయన వివరించడం మానేసి పాడతాడు. గొంతు ఏమీ బాగుండదు. ట్రంపెట్ ఉన్నచోట ట్రంపెట్‌లా, డప్పు ఉన్నచోట డప్పులా నోటితోనే వాయిస్తాడు, చేతులతో ఆర్కెస్ట్రాని ఆపుతాడు, మళ్లీ ఎత్తుకోమంటాడు. మరుక్షణం అసలు రికార్డింగ్ వినిపిస్తుంది. ఆ బొంగురు గొంతుకీ ఆ ఆర్కెస్ట్రాకీ మధ్య తేడా ఒక్కటి కూడా ఉండదు. ఏ వాయిద్యం ఎక్కడ లేవాలో అంతా ఆయన బుర్రలో ముందే ఉందని మనకి తెలిసిపోతుంది. నా ప్రశ్నకి టొర్నటోరే చెప్పిన జవాబు అది. కెమెరా ఆ మనిషి నోటిని చూపించాలి.

ఆయన జీవితం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. పుట్టింది 1928 నవంబరు 10న, రోమ్‌లో. పోయింది 2020 జూలై 6న, అదీ రోమ్‌లోనే. తండ్రి మారియో ట్రంపెట్ వాయించేవాడు. కొడుకు డాక్టరవుదామనుకున్నాడు. తండ్రి కుదరదన్నాడు, ట్రంపెట్ నేర్చుకోమన్నాడు. మన ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది కదా! (నవ్వులు) యుద్ధకాలంలో కుర్రవాడు సైనికుల దగ్గర ట్రంపెట్ వాయించి తిండి తెచ్చుకున్నాడు. అన్నం కోసం వాయించడం తనకి అవమానంగా ఉండేదని ఆ పెద్దవయసులో కూడా చెప్పుకుంటాడు. ఆ ముక్క గుర్తుంచుకోండి, దానితో పని ఉంది.

తర్వాత శాంటా సిసిలియా సంగీత విద్యాలయంలో గోఫ్రెడో పెట్రాసీ అనే పెద్ద స్వరకర్త దగ్గర శిష్యరికం. అక్కడ నేర్పేది కచేరీ హాల్లో వాయించే సంగీతం, సినిమాల కోసం కాదు. చదువైపోయింది, 1956లో మరియాతో పెళ్లైంది, ఇల్లు నడవాలి. దాంతో గ్రామఫోన్ కంపెనీ పాటలకి అరేంజ్‌మెంట్లు రాయడం మొదలుపెట్టాడు. ఎవరో కట్టిన బాణీకి చుట్టూ వాయిద్యాలు అమర్చే పని. మన దగ్గర అరేంజర్లని చూస్తుంటాం. పేరు రాదు, డబ్బులు వస్తాయి, అవీ లేటుగా వస్తాయి.

అక్కడ ఆయన ఏం చేశాడో చూడండి. 1960లో ‘ఇల్ బరట్టోలో’ అని ఒక సరదా పాట. ఖాళీ డబ్బా గురించిన పాట అది. వాయిద్యాల్లో నిజం డబ్బానే దొర్లించాడు. రికార్డింగ్ గదిలో డబ్బా దొర్లుతుంటే ఎవరో పెద్దలు మొహాలు చిట్లించి ఉంటారు, పాట మాత్రం జనంలోకి వెళ్లిపోయింది. వినేవాడి చెవి మొదటి క్షణంలోనే పట్టుకోవాలి, అందుకు వాయిద్యమే కావాలని లేదు. ఆయన అరేంజ్‌మెంట్ పనిలో నేర్చుకున్నది ఇది. నేను ముప్పై ఏళ్లు ఇనుము మోతల మధ్య బతికాను. ఇనుము మీద దెబ్బ ఎన్ని రకాలుగా మోగుతుందో నాకు తెలుసు. ప్లాంట్‌లో కొత్తగా చేరినవాడికి అంతా ఒకే గోల. పాతవాడు కళ్లు మూసుకుని ఏ షాపులో ఏ పని జరుగుతోందో చెప్పేస్తాడు. ఈయన కౌబాయ్ సినిమాల్లో దాగలి మీద సుత్తి దెబ్బ వినిపించినప్పుడల్లా, ఈ మనిషి చెవి పాతవాడి చెవి అనుకుంటాను.

కౌబాయ్ సినిమాల దగ్గరికి వచ్చాం కాబట్టి కాసేపు ఇక్కడే కూర్చుందాం. సెర్జియో లియోనే, మొరికోనే చిన్నప్పుడు ఒకే బళ్లో, ఒకే తరగతిలో చదువుకున్నారు. 1964లో లియోనే ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ తీస్తూ ఈయన దగ్గరికి వచ్చాడు. అప్పటికి రెండేళ్ల కిందట మొరికోనే ఒక అమెరికన్ జానపద గాయకుడి పాటకి కొత్త అరేంజ్‌మెంట్ చేశాడు, అందులో కొరడా దెబ్బలు, గంటలు పెట్టాడు. లియోనే అది విని, పాడే గొంతు తీసేసి మిగతాది ఉన్నదున్నట్టు ఇమ్మన్నాడు. గొంతు ఉన్నచోట ఈల వచ్చింది. ఈల వేసింది అలెస్సాండ్రో అలెస్సాండ్రోని. ప్రపంచమంతా కౌబాయ్ సంగీతం అనుకునేది అలా పుట్టింది, పాత అరేంజ్‌మెంట్‌లోంచి గొంతు తీసేస్తే మిగిలినదానితో. టైటిల్స్‌లో మొరికోనే తన పేరు కూడా వేసుకోలేదు, డాన్ సావియో అని అమెరికన్ పేరు పెట్టుకున్నాడు.

రెండేళ్ల తర్వాత ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ’. గుంటనక్క కూతలాంటి ఆ చిన్న ముక్క పిల్లలకి కూడా తెలుసు. మీలో చాలామంది ఫోన్ రింగ్‌టోన్ కూడా అదే అయివుంటుంది. ముగ్గురు మనుషులు, ముగ్గురికీ ఒకటే ముక్క. ఒకడికి ఫ్లూట్ మీద, ఒకడికి మట్టి పిల్లనగ్రోవి లాంటి ఒకరీనా మీద, ఒకడికి మనిషి గొంతుతో. మంచివాడికి మంచి రాగం, చెడ్డవాడికి చెడ్డ రాగం అని కట్టలేదు. ముగ్గురూ ఒకే రకం మనుషులు, గొంతులే వేరు. కథ గురించి ఇంత పెద్ద మాట డైలాగుల్లో ఎక్కడా లేదు.

ఈ సినిమాలు చూసి మన దగ్గర 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది. ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్ల మొహాలు వెలిగిపోతున్నాయి, నాకు కనిపిస్తోంది. (నవ్వులు) దానికి సంగీతం ఎవరు? ... ఆ, వెనక నుంచి సరిగ్గా చెప్పారు మాష్టారు, పి. ఆదినారాయణరావు గారు. ‘సువర్ణసుందరి’లో ‘హాయి హాయిగా ఆమని సాగే’ కట్టిన మనిషి. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ అని నాలుగు రాగాల మాలిక కూర్చిన మనిషి, పద్నాలుగేళ్ల తర్వాత గుర్రాలకీ తుపాకులకీ సంగీతం చేశాడు. ఆయన కుర్చీలో కూర్చుని, బాబూ, నేను ఆ గుర్రం వెనక ఈ వాయిద్యం ఎందుకు పెట్టానంటే అని చెప్పే డాక్యుమెంటరీ నాకెక్కడా కనపడలేదు. ఈ సంగతి మళ్లీ ఎత్తుకుంటాను.

1968లో ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’. సంగీతం ముందే రాసి రికార్డు చేసేశారు, లియోనే సెట్లో అది వినిపిస్తూ నటీనటుల్ని నడిపించాడు. పాశ్చాత్యులకి ఇది వింత. మనకి పాట ముందు, షూటింగ్ తర్వాత అన్నది మామూలే. కానీ మనం పాటకే అలా చేస్తాం. రీరికార్డింగ్ సంగీతం, అంటే సీన్ల వెనక వినిపించేది, ఎప్పుడూ చివర్లోనే, రిలీజ్ డేట్ నెత్తిన కూర్చున్నాక, టెన్షన్‌తో, రాత్రింబవళ్లు. అసలు సంగీతం విన్నాక నటుడు ఎలా నడవాలో నిర్ణయించుకోవడం అన్నది మన దగ్గర ఎప్పుడైనా జరిగిందా అని ఆలోచిస్తుంటాను.

ఆ సినిమా మొదలు మీకు గుర్తుందా? రైల్వే స్టేషన్లో ముగ్గురు రౌడీలు రైలు కోసం ఎదురుచూస్తుంటారు. దాదాపు పది నిమిషాలు. సంగీతం లేదు! గాలిమర కిర్రుమంటుంది, నీటి చుక్క టోపీ మీద పడుతుంది, ఈగ తిరుగుతుంది. దీని వెనక కథ మొరికోనే చాలాసార్లు చెప్పాడు. ఫ్లోరెన్స్‌లో ఒక కచేరీకి వెళ్తే ఒకాయన వేదిక మీదికి వచ్చి నిచ్చెన పట్టుకుని కిర్రుకిర్రుమనిపిస్తూ ఉండిపోయాడట. జనం మొదట తెల్లబోయారు. కాసేపటికి ఆ కిర్రుచప్పుడు తప్ప ఇంకేం వినపడని స్థితి వచ్చింది. ఏ చప్పుడైనా మామూలు చోటు నుంచి తీసి మౌనంలో పెడితే వేరేది అయిపోతుందని లియోనేతో చెప్పాడు. లియోనే ఆ మాట పట్టుకుని స్టేషన్ సీను తీశాడు. ప్రపంచంలో అంత పేరున్న సంగీత దర్శకుడు, సినిమా మొదట్లో సంగీతం వద్దు అన్నాడు. మన నిర్మాతకి ఆ మాట చెప్పి చూడండి. డబ్బులు తీసుకుని వాయించనంటాడేటి అంటాడు.

ఇప్పుడు సినిమాలో నాకు బాగా నచ్చిన భాగం, ఆయన దర్శకులతో పడిన తంటాలు. బ్రయాన్ డి పామా ‘ది అన్‌టచబుల్స్’ కోసం పోలీసుల విజయానికి ఒక ట్యూన్ అడిగాడు. తొమ్మిది రాసి పంపాడు. పంపుతూ, ఆరో నంబరు మాత్రం తీసుకోవద్దు, అది బాగా లేదు అని రాశాడు. డి పామా ఏది ఎంచుకున్నాడు? సరిగ్గా అదే, ఆరోది! (నవ్వులు) దర్శకుడికి మూడో నాలుగో ట్యూన్లు ఇస్తే అందులో చెత్తది ఎంచుకుంటాడని ఆయనకి అనుభవం మీద తెలిసిపోయింది. అందుకని ఏ ట్యూనైనా ముందు ఇంట్లో మరియాకి వినిపించేవాడు. ఆవిడ సంగీతం నేర్చుకున్న మనిషి కాదు. ఆవిడ వద్దంటే తీసేసేవాడు. ఆవిడ వడపోసినవే దర్శకుడి దాకా వెళ్లేవి. 2016లో ‘ద హేట్‌ఫుల్ ఎయిట్’కి ఆస్కార్ వచ్చినప్పుడు ఎనభై ఏడేళ్ల మనిషి అది మరియాకి అంకితం అన్నాడంటే మర్యాద కోసం అన్న మాట కాదది. పనిలో వాటా ఉంది ఆవిడకి.

ఇంకో కథ. ఎలియో పెట్రీ అనే దర్శకుడు 1970లో తీసిన ఒక సినిమా మిక్సింగ్‌కి మొరికోనేని పిలిచాడు. వెళ్తే, తెర మీద బొమ్మకి తను రాసిన సంగీతం లేదు. ఎప్పుడో చేసిన ఇంకో నాసిరకం సినిమా సంగీతం వేసి ఉంది. పెట్రీ, ఇది బాగుంది కదా అన్నాడు. మొరికోనే గుండె జారిపోయింది. కానీ సినిమా దర్శకుడిది, ఆయనకి అదే కావాలంటే నేనేం చెప్పను అని ఊరుకున్నాడు. కొంతసేపయ్యాక పెట్రీ నవ్వి, నువ్వు ఈ సినిమాకి రాసినదానికన్నా మంచి సంగీతం నేను ఊహించలేను, అదే ఉంటుంది, నన్ను చెంప మీద కొట్టు అన్నాడు. ఇది హాస్యంగా చెబుతాడు గానీ, అప్పటికే పేరున్న మనిషి తన సంగీతం తీసేశారన్నా నోరు మెదపలేదు. సినిమా సంగీతంలో పని చేసేవాడి స్థానం ఏమిటో ఆ మౌనం చెప్పేస్తుంది.

‘బ్యాటిల్ ఆఫ్ ఆల్జీర్స్’ కథ తిరగబడింది. దర్శకుడు జిల్లో పొంటెకార్వోకి సంగీతం తనే చేయాలని కోరిక. ఒక ట్యూన్ అనుకుని, ఈల వేసుకుంటూ మొరికోనే ఇంటి మెట్లెక్కి వచ్చాడు. మొరికోనే లోపల్నుంచి విన్నాడు. చకచకా కాగితం మీద పెట్టేశాడు. దర్శకుడు గదిలోకి వచ్చి టేప్ రికార్డర్ తియ్యబోతుంటే, ఆగండి, ముందు నేను అనుకున్నది వినండి అని అదే ట్యూన్ వాయించాడు. పొంటెకార్వో నిర్ఘాంతపోయాడు, ఇద్దరికీ ఒకేసారి ఒకే ఆలోచన వచ్చిందని నమ్మేశాడు. అసలు సంగతి మొరికోనే వెనీస్‌లో పత్రికలవాళ్ల ముందు బయటపెట్టాడు. సినిమా టైటిల్స్‌లో సంగీతం కింద ఇద్దరి పేర్లూ ఉంటాయి.

ఇప్పుడు ‘ద మిషన్’, 1986. ఇక్కడ ఈ డాక్యుమెంటరీ తన పని అద్భుతంగా చేసింది. కథ 1750ల నాటి దక్షిణ అమెరికాది. జెసూట్ అనే క్రైస్తవ సంఘం ఫాదర్లు, అక్కడి గ్వారనీ తెగవాళ్లు. మొదట సినిమా చూపిస్తే మొరికోనే ఏడ్చేశాడు, దీనికి సంగీతం అక్కర్లేదు, ఉన్నదే బాగుంది అన్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక కట్టుబాట్లు ఎదురయ్యాయి. సినిమాలో ఫాదర్ అడవిలో ఒబో అనే ఊదే వాద్యం వాయిస్తాడు. షూటింగ్ అయిపోయింది, నటుడి వేళ్లు అప్పటికే వాద్యం మీద కదిలేశాయి. ట్యూన్ ఆ వేళ్లకి సరిపోవాలి. కాలం 1750 కాబట్టి ఆనాటి యూరప్ సంగీతపు గమకాలు ఉండాలి. ఇది ఒక పొర. చర్చిలో పాడే బృందగానం ఇంకో పొర. గ్వారనీలకి సొంతమని తను ఊహించిన లయ మూడో పొర. మొదటిదీ రెండోదీ కలిసి వినిపించాలి, రెండోదీ మూడోదీ కలిసి వినిపించాలి, మొదటిదీ మూడోదీ కలిసి వినిపించాలి, చివరికి మూడూ ఒకేసారి వినిపించాలి. విడివిడిగానూ నిలబడాలి, కలిపినా పోట్లాడుకోకూడదు. ఈ లెక్కంతా ఆయన వేళ్ల మీద చెబుతుంటే టొర్నటోరే ఒక్కో పొరనీ విడిగా వినిపించి తర్వాత కలిపి వినిపించాడు. ఇందాక హాల్లో ఆ చోట ఎవరూ కదల్లేదు, నేను వెనక్కి తిరిగి చూశాను. ‘మహాద్భుతం’ అని పది మంది చేత చెప్పిస్తే రాని అవగాహన ఆ రెండు నిమిషాల్లో వచ్చింది. ఏం చేశాడో, ఎందుకు చేశాడో తెలిశాక మనం వినడం మారిపోతుంది.

ఆ సంగీతానికి ఆ ఏడు ఆస్కార్ రాలేదు. ‘రౌండ్ మిడ్‌నైట్’కి వెళ్లింది, అందులో చాలాభాగం అంతకుముందే ఉన్న జాజ్ ట్యూన్లు. ఈ దెబ్బ ఆయన మర్చిపోలేదు. 2007లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు, క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతుల మీదుగా.

ఇందాక గుర్తుంచుకోమన్నది ఇప్పుడు తియ్యండి. అన్నం కోసం ట్రంపెట్ వాయించడం అవమానం అనుకున్న కుర్రవాడు. సినిమాకి రాసినన్నాళ్లూ ఆ అవమానం ఆయన్ని వదల్లేదు. గురువు పెట్రాసీ, తోటి శిష్యులు, వీళ్లంతా కచేరీ సంగీతం రాస్తున్నారు. నేను గుర్రాలకి ఈలలు వేయిస్తున్నాను. వాళ్లు నన్ను ఎలా చూస్తున్నారో! వింతేమిటంటే పెట్రాసీ గారే 1949లో ‘బిట్టర్ రైస్’ అనే సినిమాకి సంగీతం చేశాడు. గురువు ఏవో కొన్ని చేస్తే సరదా, శిష్యుడు నాలుగువందలకి పైగా చేస్తే తప్పు అయింది కాబోలు. ఒక పక్క సినిమాలు చేస్తూనే, మొరికోనే కచేరీ సంగీతం రాయడం ఆపలేదు, కొత్తరకం ప్రయోగాలు చేసే బృందంలో ట్రంపెట్ వాయించాడు. గురువు ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన గొంతు మారడం మీరు గమనించే ఉంటారు.

తండ్రి విషయం కూడా. మారియో వయసు మీద పడి ట్రంపెట్ పట్టు తప్పుతున్నప్పుడు, కొడుకు రికార్డింగ్‌కి ఆయన్ని పిలవలేడు, వేరే ట్రంపెట్ వాద్యకారుణ్ణి పిలిస్తే తండ్రి మనసు విరిగిపోతుంది. అందుకని కొంతకాలం తన సంగీతంలో ట్రంపెట్టే లేకుండా రాశాడు. వినేవాళ్లు ఇదేదో కొత్త శైలి అనుకుని ఉంటారు. ఆ శబ్దం అక్కడ ఎందుకు పెట్టారు అని అడిగినట్టే, ఈ శబ్దం ఎందుకు తీసేశారు అని కూడా అడగాలి మరి.

సరే, కీడు సంగతి. టొర్నటోరే స్నేహితుడు కావడం వల్ల కఠినమైన ప్రశ్న ఒక్కటీ వెయ్యలేదు. రెండో సగంలో సినిమా సన్మానసభ అయిపోయింది. ఈస్ట్‌వుడ్, టారంటీనో, స్ప్రింగ్‌స్టీన్, హాన్స్ జిమ్మర్, జాన్ విలియమ్స్, ఇంకా ఎందరో వరసగా వచ్చి గొప్పవాడు, గొప్పవాడు అంటారు. శాలువాలు ఒక్కటే తక్కువ. (నవ్వులు) అదే సమయం ఆయన దగ్గర ఫ్లూటో వయొలినో వాయించినవాళ్లకి ఇచ్చి ఉంటే ఇంకో రెండు రహస్యాలు బయటపడేవి. ‘సినిమా పారడీసో’లో అందరూ కన్నీళ్లు పెట్టుకునే ఆ ప్రేమ ట్యూన్ కట్టింది కొడుకు ఆండ్రియా. తండ్రీకొడుకులు ఎలా కలిసి పనిచేశారు, ఎవరు ఎవరిది దిద్దారు? ఆ చోట ఒక పది నిమిషాలు ఆగి ఉండాల్సింది. ఇటలీలో 2022లో ఉత్తమ డాక్యుమెంటరీగా డేవిడ్ డి డొనాటెల్లో అవార్డు వచ్చింది, నా ఫిర్యాదు వల్ల ఆ అవార్డు వెనక్కి పోదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఇక మన సంగతి. మనం కూర్చున్న ఈ ఊరికి రెండు గంటల దూరంలో విజయనగరం. 1919లో పెట్టిన సంగీత కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల అక్కడ చదువుకున్నారు, సుశీలమ్మ ఆ ఊరి ఆడపడుచు. ఇంకాస్త పైకి వెళ్తే సాలూరు, ఆ పక్కన శివరామపురం, 1922లో సాలూరి రాజేశ్వరరావు పుట్టిన ఊరు. ‘మల్లీశ్వరి’ చేసిన మనిషి. ‘మిస్సమ్మ’ చేసిన మనిషి. 1999 దాకా బతికే ఉన్నారు. ఆ పాటికి వీడియో కెమెరా పెళ్లిళ్లలో కూడా తిరిగేస్తోంది.

‘మాయాబజార్’ తీసుకోండి. టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల. మొదట కొన్ని పాటలకి, ‘లాహిరి లాహిరి లాహిరిలో’తో కలిపి, బాణీలు కట్టింది సాలూరి వారని, తర్వాత ఆయన తప్పుకుంటే ఘంటసాల మిగతావి పూర్తి చేశారని దశాబ్దాలుగా సంగీతాభిమానులు చెప్పుకుంటూనే ఉన్నారు. మన ఊళ్లో ఏ కాఫీ హోటల్లో నలుగురు పెద్దవాళ్లు కూర్చున్నా ఈ వాదన లేస్తుంది. పొంటెకార్వో ఈల కథ మొరికోనేనే స్వయంగా చెప్పాడు కాబట్టి అక్కడ వాదన లేదు. మన దగ్గర, ఈ పల్లవి నేను కట్టాను, ఇంటర్‌లూడ్‌లో వీణ తర్వాత ఫ్లూట్ ఆయన పెట్టాడు, ఫలానా కారణంతో పెట్టాడు అని కెమెరా ముందు కూర్చోబెట్టి చెప్పించుకుని ఉంటే ఎంత తెలిసేది! మనం వాళ్లకి బిరుదులిచ్చాం, దండలేశాం, ‘ఆ మహానుభావుడు’ అని మొదలయ్యే వ్యాసాలు రాశాం. ఎలా కట్టారండీ అని ఎవరైనా అడిగారేమో, ఆ జవాబు మాత్రం మనదాకా రాలేదు.

ఇప్పుడున్నవాళ్ల దగ్గరైనా ఆ పని జరగాలి. కీరవాణి గారికి 2023లో ఆస్కార్ వచ్చింది. ఆయన కూడా మొరికోనే లాగే వేరే పేర్లతో పనిచేశారు, తమిళంలో మరగదమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్. ఒకే మనిషి మూడు భాషల్లో మూడు పేర్లు పెట్టుకుంటే రాసే తీరు మారుతుందా? నాకు ఆ ఒక్క ప్రశ్న మీదే రెండు గంటల సినిమా చూడాలని ఉంది. ఆస్కార్ వేదిక మీద పాడిన క్లిప్పు అందరం చూశాం, అది చాలదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక ప్రేక్షకురాలు: సాధారణ ప్రేక్షకులకి ఇంత సాంకేతికం అవసరమా?)

అవసరం లేదమ్మా. ఇందాక మూడు పొరలు కలిపినప్పుడు మీకేమైనా సాంకేతికంగా అనిపించిందా? లేదు కదా. సాంకేతిక పదాలు వద్దు, పని కావాలి. వంట చేసే మనిషిని చూపిస్తే పొయ్యి కూడా చూపించాలి కదా.

(ఒక యువకుడు: మా తాతగారు మద్రాసులో సినిమా ఆర్కెస్ట్రాలో క్లారినెట్ వాయించేవారు. ఇప్పుడు ఇక్కడే మా ఇంట్లో ఉంటున్నారు. నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది. ఎలా మొదలుపెట్టాలి?)

ఎన్నేళ్లు ఆయనకి? ... ఎనభై నాలుగా? అయితే వచ్చే ఆదివారమే మొదలుపెట్టు బాబూ. సన్మానాల ఫొటోలు అడగకు, అవి గోడ మీద ఎలాగూ ఉంటాయి. క్లారినెట్ చేతికి ఇవ్వు. వాయించలేకపోతే నోటితో పాడమను. ఒక పాట వినిపించి, తాతా, ఇందులో నువ్వు ఎక్కడున్నావు అని అడుగు. ఆ రోజు ఎన్ని టేకులు అయ్యాయి, కాగితం ఎవరిచ్చారు, ఎక్కడ తప్పు పోయింది, ఎవరు తిట్టారు, అవి అడుగు. ఆయన ఆగితే నువ్వు మాట్లాడెయ్యకు. చిన్న కాలర్ మైకు ఒకటి కొనుక్కో. గదిలో ఫ్యాన్ ఆపెయ్యి. మే నెలలో మన ఊళ్లో ఫ్యాన్ ఆపితే తాత కూడా నిన్ను తిడతాడు, అది కూడా రికార్డ్ చెయ్యి.